చౌకగా దొరికినవాడే మనవాడా?

శీతాకాలంలో బేస్‌బాల్ ఆట ఉండదు కానీ బేస్‌బాల్ తగవులు మాత్రం వేసవిలోకన్నా జోరుగా సాగుతాయి. న్యూయార్క్ మెట్స్ అభిమానులకైతే అదే అసలు సీజన్. 2025 నవంబరులో బ్రాండన్ నిమ్మోను టెక్సస్ రేంజర్స్‌కు ఇచ్చేసి మార్కస్ సెమియన్‌ను తెచ్చుకున్నారు. డిసెంబరులో పీట్ అలోన్సో ఐదేళ్ళకు 15.5 కోట్ల డాలర్లు తీసుకుని బాల్టిమోర్ వెళ్ళిపోయాడు. మెట్స్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ హోమ్ రన్‌లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టినవాడు అతను. జనవరిలో బో బిషెట్‌ను మూడేళ్ళకు 12.6 కోట్లు పోసి తెచ్చారు. ఇక చూడండి మా న్యూజెర్సీలో గోల. ఆఫీసులో, రైల్లో, రేడియోలో ఒకటే పాట: పెంచుకున్న బిడ్డలను పంపేసి కిరాయి సిపాయిలను తెచ్చుకుంటున్నారు, ఇదేమి జట్టు, ఇదేమి అభిమానం.

నేనూ మెట్స్ మనిషినే. అలోన్సో వెళ్ళిపోయినందుకు నాకూ బాధగానే ఉంది. కానీ ఈ పాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సామెత. బేస్‌బాల్‌లో అది తిరగబడింది. ఇక్కడ పెరటి చెట్టు తప్ప మరేదీ మందు కాదంటారు. డ్రాఫ్ట్‌లో ఎంపికై, మన మైనర్ లీగ్ జట్లలో పెరిగి, మన చొక్కాతోనే పైకి వచ్చినవాడు పవిత్రుడు; మార్కెట్లో తన ధర తాను అడిగి వచ్చినవాడు డబ్బు మనిషి. ఈ పవిత్రతలో సగం భాగం ఆటగాడు చౌకగా దొరకడమేనన్నది నా వాదన. మనం ప్రేమిస్తున్నది అతని విధేయతను అనుకుంటాం. ఆ విధేయత అతను ఇచ్చింది కాదు, రూల్సు పుస్తకం రాయించుకున్నది.

క్రికెట్ మాత్రమే చూసేవారి కోసం ఈ ఏర్పాటు ఏమిటో కొంచెం చెప్పాలి. ఐపీఎల్ వేలంలో కూడా ఆటగాడు ఏ జట్టుకు వెళ్ళాలో తాను నిర్ణయించుకోలేడు. కానీ ధర మాత్రం పోటీ మీద పెరుగుతుంది. 2023 డిసెంబరు వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ప్యాట్ కమిన్స్ కోసం 20.5 కోట్ల రూపాయల దాకా వెళ్ళిందంటే, పక్క బల్ల దగ్గర మరొకరి చెయ్యి పైకి లేస్తూనే ఉంది కాబట్టి. అమెరికా బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో ఆ రెండో చెయ్యి ఉండదు. ఏటా జూలైలో 30 జట్లు వంతుల వారీగా, 20 రౌండ్ల పాటు హైస్కూలు, కాలేజీ కుర్రాళ్ళ పేర్లు పిలుస్తాయి. ఓడిన జట్లకు ముందు వంతు. మొదటి ఆరు స్థానాలకు 2023 నుంచి లాటరీ కూడా పెట్టారు. ఏ జట్టు పేరు పిలిస్తే ఆ జట్టుతోనే బేరం. మొదటి 10 రౌండ్లలో ఒక్కో స్థానానికి ముందే ఒక ధర కట్టి ఉంటుంది. ఆ ధరల మొత్తమే జట్టుకు ఇచ్చిన సంచి. అందులో నుంచి ఒకరికి తగ్గించి మరొకరికి పెంచుకోవచ్చు కానీ, సంచిని 5 శాతానికి మించి దాటితే రాబోయే ఏడాది మొదటి రౌండు ఎంపిక పోతుంది. ఇచ్చినది నచ్చకపోతే కుర్రాడు మళ్ళీ కాలేజీకి పోవచ్చు, లేదా వచ్చే ఏడాది డ్రాఫ్ట్ దాకా వేచి ఉండవచ్చు. అప్పుడూ ఇదే తంతు.

సంతకం పెట్టాక అసలు కథ మొదలవుతుంది. రెండు, మూడు, ఒక్కోసారి ఐదేళ్ళు మైనర్ లీగ్‌లో. పైకి వచ్చాక ఆరు సీజన్ల సర్వీసు పూర్తయ్యేదాకా జట్టు చేతిలోనే. అందులో మొదటి మూడేళ్ళు దాదాపు కనీస జీతం, ఆ తర్వాత మధ్యవర్తి ముందు బేరం. అప్పటికి గాని అతను ఏ జట్టుతోనైనా బేరమాడగల ఫ్రీ ఏజెంట్ కాడు. నిమ్మోనే చూడండి. హైస్కూళ్ళలో బేస్‌బాల్ జట్లే లేని వయోమింగ్ రాష్ట్రం నుంచి 2011లో 13వ ఎంపికగా మెట్స్ తీసుకున్న కుర్రాడు. తన ధర ఎంతో 30 జట్లను అడిగే హక్కు అతనికి వచ్చింది 2022 చివరన. పదకొండేళ్ళు. ఆ హక్కు వచ్చాక కూడా అతను మెట్స్‌తోనే ఎనిమిదేళ్ళకు 16.2 కోట్లకు ఒప్పందం చేసుకున్నాడు. మూడు సీజన్లు తిరిగేసరికి మెట్స్ అతన్ని పంపించింది. విధేయత గురించి మాట్లాడేవారు ఈ లెక్క ఏ ఖాతాలో రాస్తారో నాకు అర్థం కాదు.

డ్రాఫ్ట్ బలహీన జట్లను పైకి లేపడానికి పుట్టిందని అందరూ నమ్ముతారు. అది కొంతవరకే నిజం. 1964లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి రిక్ రైకార్ట్ అనే కుర్రాడి కోసం జట్లన్నీ ఎగబడ్డాయి. చివరికి ఏంజెల్స్ రెండు లక్షల డాలర్ల పైచిలుకు బోనస్ ఇచ్చి అతన్ని దక్కించుకుంది. యజమానులకు గుండె గుభేలుమంది. మరుసటి ఏడాది, 1965 జూన్‌లో, మొదటి డ్రాఫ్ట్ జరిగింది. అందులో మొట్టమొదటి ఎంపిక రిక్ మండేకు దక్కిన బోనస్ రైకార్ట్‌కు ఇచ్చినదానిలో సుమారు సగం. ఒక్క ఏడాదిలో దేశంలోకెల్లా మెరుగైన కుర్రాడి విలువ సగానికి పడిపోయిందంటే, కుర్రాళ్ళలో ప్రతిభ తగ్గి కాదు కదా.

మెట్స్ యజమాని స్టీవ్ కోహెన్ అంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ లేదు గాని, ఒక విషయంలో ఆయనకు రుణపడి ఉన్నాను. అందరు యజమానులూ మనసులో దాచుకునే మాటను ఆయన బాహాటంగా అన్నారు. 2021 ఆగస్టు 1న ట్విట్టర్‌లో ఆయన అభిమానులకు ఒక పాఠం చెప్పారు. డ్రాఫ్ట్ ఎంపికల విలువ జట్లకు, ఆ స్థానానికి కట్టిన ధరకు ఐదు రెట్ల దాకా ఉంటుందని. అంత లాభం వచ్చే పెట్టుబడి నుంచి తాను ఎన్నడూ వెనక్కి తగ్గనని. ఆయన హెడ్జ్ ఫండ్ మనిషి. లాభం లెక్క ఆయనకు కొట్టినపిండి. వంద రూపాయలు పెట్టి ఐదువందల సరుకు తీసుకుంటున్నామని కొనేవాడే ఒప్పుకుంటే, మిగిలిన నాలుగువందలు ఎవరివి అని ఆ రోజు ఎవరూ పెద్దగా అడగలేదు. ఎందుకంటే అందరి దృష్టీ ఆ ట్వీటు ఎవరి గురించో దాని మీద ఉంది.

ఆ ట్వీటు కుమార్ రాకర్ గురించి.

ఆ ఏడాది జూలై డ్రాఫ్ట్‌లో మెట్స్ 10వ ఎంపికగా ఆ పేరు పిలిచినప్పుడు, బేస్‌బాల్ అంటే గిట్టని మా తెలుగు స్నేహితులు కూడా ఎవరీ కుమార్ అని ఆరా తీశారు. తల్లి లలిత భారతీయ సంతతి మహిళ. తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్ విశ్వవిద్యాలయానికి ఆడిన పేరుమోసిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, తర్వాత కోచ్. కొడుకు పిచర్, అంటే బంతి విసిరేవాడు. భారీ విగ్రహం, భయంకరమైన స్లైడర్ (చివర్లో పక్కకు వంగే బంతి). 2019 జూన్‌లో, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాదిలోనే, డ్యూక్ జట్టు మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. ఆ నెలాఖరుకు వాండర్‌బిల్ట్ జాతీయ విజేత, అతను కాలేజీ వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు. కాలేజీ ఆటలు ఎన్నడూ చూడనివాళ్ళకు కూడా తెలిసిన పేరు అది. అలాంటివాడు పదో స్థానం దాకా మిగలడమే మా అదృష్టం అనుకున్నాం.

10వ స్థానానికి ఆ ఏడాది కట్టిన ధర సుమారు 47.4 లక్షల డాలర్లు. మెట్స్ 60 లక్షలకు ఒప్పుకుంది. తర్వాత వైద్య పరీక్ష. డాక్టర్లకు అతని చేతిలో ఏదో నచ్చలేదు. అతని ఏజెంట్ స్కాట్ బొరాస్ కుర్రాడు ఆరోగ్యంగా ఉన్నాడని వాదించారు. సంతకాల గడువు ఆగస్టు 1. ఆ గడువు దాటింది. ఒప్పందం లేదు. తక్కువ ధరకు కూడా అడగలేదు.

ఇక్కడ రూల్సు ఎటు వంగి ఉన్నాయో చూడాలి. డ్రాఫ్ట్‌కు ముందే ఎమ్మారై తీయించుకుని జట్లకు అందజేసిన కుర్రాళ్ళకు నిర్ణీత ధరలో కనీసం 40 శాతం ఇవ్వజూపాలని అప్పట్లో నియమం ఉండేది. రాకర్ ఆ పరీక్షలో చేరలేదు, కనుక అతనికి ఆ రక్షణ లేదు. ఒప్పందం చెడినందుకు మెట్స్‌కు ఏమైంది? 2022 డ్రాఫ్ట్‌లో పరిహారంగా 11వ ఎంపిక దక్కింది. ఒక్క మెట్టు కింద, ఒక్క ఏడాది ఆలస్యం, అంతే. రాకర్‌కు ఏమైంది? 60 లక్షలు పోయాయి. మిగిలిన 29 జట్లలో ఏ ఒక్కదానితోనూ మాట్లాడే హక్కు లేదు. సెప్టెంబరులో భుజానికి చిన్న శస్త్రచికిత్స చేయించుకుని, 2022 వేసవిలో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్ళో, ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే స్వతంత్ర లీగ్ జట్టుకు ఆడాడు. మేజర్ లీగ్ జట్ల అధీనంలో లేని చిన్న లీగ్ అది. అక్కడ 20 ఇన్నింగ్స్ వేసి తన చెయ్యి పనిచేస్తోందని నిరూపించుకోవాల్సి వచ్చింది. జూలైలో టెక్సస్ రేంజర్స్ అతన్ని 3వ ఎంపికగా తీసుకుంది. బోనస్ 52 లక్షలు.

ఇదంతా చెబితే మెట్స్ మిత్రులు వెంటనే అనే మాట నాకు తెలుసు. డాక్టర్లు చెప్పింది నిజమే అయింది కదా? అవును, చాలామటుకు అయింది. 2023 మే నెలలో రాకర్ మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది. 2024 సెప్టెంబరులో గాని అతను మేజర్ లీగ్‌లో మొదటి బంతి వేయలేదు. 2025లో తడబడి మళ్ళీ మైనర్ లీగ్‌కు వెళ్ళాడు. మెట్స్ వైద్యుల తీర్పును నేను తప్పు పట్టడం లేదు. పిచర్ల చేతులు గాజు వస్తువులు. ఎవరి డబ్బు వారు జాగ్రత్త చేసుకోవలసిందే. నా అభ్యంతరం వేరు. ఆ అనుమానం ఖరీదు ఎవరు కట్టారు? కొనేవాడు అనుమానం వచ్చి వెనక్కి తగ్గితే సరుకు మరో అంగడికి పోవచ్చు. ఇక్కడ మనిషి పోలేకపోయాడు. పైగా, వెనక్కి తగ్గిన జట్టుకు దాదాపు అంతే విలువైన మరో వస్తువును లీగ్ చేతిలో పెట్టింది. ఆ 11వ ఎంపికతో మెట్స్ కెవిన్ పరాడా అనే క్యాచర్‌ను తీసుకుంది. 2025 సీజన్ ముగిసేనాటికి అతను మేజర్ లీగ్ గడప తొక్కలేదు. కాబట్టి వైద్యులు గెలిచారేమో గాని, జట్టు ఏమి గెలిచిందో చెప్పడం కష్టం.

దాదాపు ఏడాదిన్నర తర్వాత అదే యజమాని, అదే ఏజెంట్, అదే వైద్య పరీక్ష. మనిషి మాత్రం వేరు. 2022 డిసెంబరులో కార్లోస్ కొరియా శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో 13 ఏళ్ళకు 35 కోట్లకు మాట్లాడుకున్నాడు. అతని పాత కాలి గాయం చూసి జెయింట్స్ జంకింది. హవాయిలో సెలవుల మీద ఉన్న కోహెన్ బొరాస్‌తో మాట్లాడి రాత్రికి రాత్రి 12 ఏళ్ళకు 31.5 కోట్లకు బేరం కుదుర్చుకున్నారు. తర్వాత మెట్స్ వైద్యులూ అదే కాలిని చూశారు, వాళ్ళూ జంకారు. జనవరి రెండో వారానికల్లా కొరియా మిన్నెసోటా ట్విన్స్‌తో ఆరేళ్ళకు 20 కోట్లకు సంతకం పెట్టాడు. రెండు జట్లు తిరస్కరించిన కాలితోనే. పదికోట్లకు పైగా నష్టపోయాడు, నిజమే. కానీ అతనికి మూడో తలుపు ఉంది. రాకర్‌కు రెండోది కూడా లేదు. ఒకరు ఫ్రీ ఏజెంట్, ఇంకొకరు డ్రాఫ్ట్ ఎంపిక. ఆ రెండు మాటల మధ్య తేడా ఇంతకన్నా స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ఇప్పుడు అలోన్సో దగ్గరికి వద్దాం. అతని కథే నా వాదనకు పట్టుకొమ్మ. 2016లో రెండో రౌండులో 64వ ఎంపిక. 2019లో మొదటి సీజన్‌లోనే 53 హోమ్ రన్‌లు. కొత్త ఆటగాళ్ళలో అది నేటికీ రికార్డు. ఆ ఏడాది అతని జీతం 5,55,000 డాలర్లు. జూలైలో క్లీవ్‌లాండ్‌లో జరిగిన హోమ్ రన్ డర్బీ గెలిస్తే బహుమతి 10 లక్షల డాలర్లు. అంటే ఒక్క సాయంత్రం సరదా పోటీలో అతను సంపాదించింది, 53 హోమ్ రన్‌ల సీజన్ అంతా ఆడి సంపాదించినదానికి దాదాపు రెట్టింపు. ఆ బహుమతిలో కొంత దానం కూడా చేశాడు. అప్పుడు మేము చప్పట్లు కొట్టాం. మరి ఆరేడేళ్ళ తర్వాత అదే మనిషి తన ధర అడిగితే, వయసు ముప్ఫై దాటింది, అంత ఇవ్వడం తెలివైన పని కాదు అంటున్నాం. తెలివైన పని కాకపోవచ్చు కూడా. మెట్స్ వ్యవహారాలు చూస్తున్న డేవిడ్ స్టెర్న్స్ లెక్కలు వేయకుండా వదిలే మనిషి కాదు. కానీ ఇరవై నాలుగేళ్ళ వయసులో ఇవ్వవలసినది రూల్సు అడ్డుపెట్టుకుని ఇవ్వకుండా, ముప్ఫై ఒకటో ఏట వయసును అడ్డుపెట్టుకుని ఇవ్వకుండా ఉంటే, ఆ మనిషికి ఇచ్చే సమయం ఎప్పుడు వస్తుంది?

ఫ్రీ ఏజెంట్ల ఒప్పందాలు బెడిసికొడతాయని చెప్పడానికి మెట్స్‌కన్నా మంచి ఉదాహరణ లేదు. 2021 చివర్లో మ్యాక్స్ షెర్జర్‌కు మూడేళ్ళకు 13 కోట్లు. మరుసటి ఏడాది జస్టిన్ వెర్లాండర్‌కు రెండేళ్ళకు 8.67 కోట్లు. ఏటా మేటి పిచర్లకిచ్చే సై యంగ్ అవార్డులు ఇద్దరికీ చెరి మూడు, ఇద్దరూ నలభైకి దగ్గరపడ్డవాళ్ళు. 2023లో మెట్స్ జీతాల బిల్లు అప్పటిదాకా ఎవరూ చూడనిది. జీతాల పరిమితి దాటినందుకు లీగ్‌కు కట్టే లగ్జరీ ట్యాక్సే సుమారు 10 కోట్లు. ఫలితం 75 విజయాలు, 87 ఓటములు. ఆటగాళ్ళ మార్పిడి గడువైన ఆగస్టు 1 నాటికి ఇద్దరినీ అమ్మేశారు. షెర్జర్ టెక్సస్‌కు వెళ్ళి ఆ ఏడాదే వరల్డ్ సిరీస్ విజేత ఉంగరం సంపాదించాడు. (మెట్స్ వద్దనుకున్నవారు, మెట్స్‌ను వద్దనుకున్నవారు చివరికి టెక్సస్‌లో తేలడం ఒక ఆనవాయితీ. రాకర్, షెర్జర్, పిచర్ జేకబ్ డిగ్రోమ్, ఇప్పుడు నిమ్మో.) ఆ అమ్మకాల్లో కోహెన్ చేసిన పని గమనించదగ్గది. ఆ ఇద్దరి మిగిలిన జీతాల్లో పెద్ద భాగం తానే కట్టి, బదులుగా మెరుగైన కుర్రాళ్ళను అడిగారు. డ్రాఫ్ట్‌లో డబ్బు పోసి కుర్రాళ్ళను కొనడానికి వీల్లేదు కనుక, ముసలి పిచర్ల జీతం రూపంలో ఆ పని చేశారు. కుర్రాడి విలువ ఎంతో ఆయనకు తెలుసు. ట్వీటులో చెప్పనే చెప్పారు.

ఈ బెడిసికొట్టే ఒప్పందాలకు తప్పు ఆటగాళ్ళ అత్యాశలో లేదు, క్యాలెండరులో ఉంది. బేస్‌బాల్ ఆటగాడి సత్తా సాధారణంగా ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళకు శిఖరాన ఉంటుంది. రూల్సు అతన్ని మార్కెట్లోకి వదిలేది ఇరవై తొమ్మిదికో ముప్ఫైకో. ఆటగాడి మంచి వయసంతా చౌకగా వాడుకుని, తరుగుతున్న వయసును మార్కెట్లో పెట్టి, అయ్యో ఎంత ధర అంటున్నాం. హువాన్ సోటోకు 2024 డిసెంబరులో మెట్స్ నుంచి 15 ఏళ్ళకు 76.5 కోట్లు ఎందుకు వచ్చాయి? గొప్ప బ్యాటర్ కాబట్టి, సరే. కానీ అంతకు మించి, అతను డొమినికన్ కుర్రాడు. డ్రాఫ్ట్‌తో పని లేకుండా 2015లో 15 లక్షల డాలర్లకు వాషింగ్టన్‌తో సంతకం పెట్టాడు, పందొమ్మిదేళ్ళకే మేజర్ లీగ్‌లోకి వచ్చాడు. అందుకే ఇరవై ఆరేళ్ళకు స్వేచ్ఛ దొరికింది. శిఖరం మీద ఉండగా మార్కెట్లోకి వచ్చిన అరుదైన మనిషి అతను. ఆ 76.5 కోట్లు చూసి అందరూ నోరు వెళ్ళబెట్టారు. నాకైతే అది పోటీలో నిలబడిన మామూలు ధరగా కనిపించింది. ఆ ధర పక్కన పెట్టి చూస్తేనే మిగతావారికి ఎంత తక్కువ ముడుతోందో తెలుస్తుంది.

అయితే సోటో వచ్చాక కూడా 2025లో మెట్స్ 83 విజయాలతో, చివరి రోజు మయామీలో ఓడి, ప్లేఆఫ్‌లకు దూరమైంది. ఆ సీజన్‌లో మాకు మిగిలిన సంబరం నోలన్ మెక్లీన్. 2023లో మూడో రౌండు ఎంపిక. కాలేజీలో బ్యాటింగ్, పిచింగ్ రెండూ చేసేవాడు. ఆగస్టులో వచ్చి ఎనిమిది మ్యాచ్‌లలో ఐదు గెలిచాడు. నాకూ అతనంటే వెర్రి అభిమానం. అతను 2031 దాకా జట్టు అధీనంలో ఉంటాడని రాసేటప్పుడు మా వ్యాఖ్యాతల కలాలు తేనె ఒలికిస్తాయి. అధీనం అన్న మాట వాళ్ళకు ఎంత తీయగా ఉంటుందో.

జట్ల మధ్య సమతూకం కోసం ఇదంతా తప్పదనే వాదన ఒకటి మిగిలింది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ జట్ల డబ్బు ముందు పిట్స్‌బర్గ్ ఎలా నిలబడాలి? సరే, పిట్స్‌బర్గ్‌నే తీసుకుందాం. 2011 డ్రాఫ్ట్‌లో ఆ జట్టు గెరిట్ కోల్‌కు 80 లక్షలు, రెండో రౌండులో జాష్ బెల్‌కు 50 లక్షలు, మొత్తం మీద సుమారు 1.7 కోట్లు ఖర్చుపెట్టింది. ఫ్రీ ఏజెంట్ మార్కెట్లో 1.7 కోట్లకు ఒక నడివయసు పిచర్ ఒక ఏడాదికి వస్తాడు. డ్రాఫ్ట్‌లో అదే డబ్బు ఒక తరాన్ని తెస్తుంది. పేద జట్టుకు తెలివిగా డబ్బు పెట్టగలిగే చోటు అదొక్కటే. మరి లీగ్ ఏమి చేసింది? ఆ ఏడాది చివర్లో కుదిరిన ఒప్పందంలో ఇప్పుడున్న సంచి పద్ధతి, జరిమానాలు తెచ్చి 2012 నుంచి ఆ తలుపు మూసేసింది. సమతూకమే అసలు ఉద్దేశమైతే మూయవలసిన తలుపు అది కాదు. కోల్ పిట్స్‌బర్గ్ నుంచి హ్యూస్టన్‌కు, అక్కడి నుంచి తొమ్మిదేళ్ళకు 32.4 కోట్లకు యాంకీస్‌కు వెళ్ళాడు. అతను పేద జట్టులో ఉండిపోయేలా డ్రాఫ్ట్ చేయలేకపోయింది. అక్కడున్నన్నాళ్ళు చౌకగా ఉండేలా మాత్రం చేసింది.

మెట్స్ చరిత్రలో డ్రాఫ్ట్, ఫ్రీ ఏజెన్సీ ముడిపడ్డ ముచ్చటైన కథ ఒకటుంది. దాన్ని చెప్పకుండా ఉండలేను. 2000 చివర్లో మైక్ హ్యాంప్టన్ అనే పిచర్ మెట్స్‌ను వదిలి కొలరాడోతో ఎనిమిదేళ్ళకు 12.1 కోట్లకు వెళ్ళిపోయాడు. డెన్వర్‌లో బడులు బాగుంటాయని అతను చెప్పిన కారణాన్ని న్యూయార్క్ జనం చాలాకాలం ఎగతాళి చేశారు. అతను వెళ్ళినందుకు పరిహారంగా వచ్చిన ఎంపికతో మెట్స్ 2001లో 38వ స్థానంలో వర్జీనియా కుర్రాడు ఒకతన్ని తీసుకుంది. పేరు డేవిడ్ రైట్. కెప్టెన్ అయ్యాడు, జీవితమంతా ఇక్కడే ఆడాడు, 2025 జూలైలో అతని 5వ నంబరు చొక్కాకు శాశ్వత గౌరవం ఇచ్చారు. మా అందరి ముద్దుబిడ్డ. వెళ్ళిపోయిన డబ్బు మనిషి వల్లే ఆ ముద్దుబిడ్డ దొరికాడన్న సంగతి మాత్రం ఎవరూ గుర్తు చేయరు.

ఆ పరిహార పద్ధతి నేటికీ ఉంది, రూపం మారి. సోటోను తెచ్చుకున్నందుకు మెట్స్ 2025 డ్రాఫ్ట్‌లో రెండు ఎంపికలు కోల్పోయింది. పరిమితిని మించి జీతాలు ఇచ్చినందుకు మొదటి ఎంపిక 10 స్థానాలు కిందికి జారి 38కి వెళ్ళింది. మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి మిచ్ వోయిట్‌ను తీసుకున్నారు. ఎంపిక అనేది ఇక్కడ జరిమానా కట్టే నాణెం. ఆ నాణెం మీద ఉన్న బొమ్మ ఒక కుర్రాడిది.

అసలు ఈ కుర్రాళ్ళ తరఫున మాట్లాడేవారు ఎవరు? ఆటగాళ్ళ సంఘం బలమైనదే. కానీ అది మేజర్ లీగ్ ఆటగాళ్ళది. మైనర్ లీగ్ ఆటగాళ్ళు అందులో చేరింది 2022 సెప్టెంబరులో. మరుసటి మార్చిలో కుదిరిన వాళ్ళ మొదటి ఒప్పందంతో డబుల్-ఎ స్థాయి కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్ల నుంచి 30,250కి పెరిగింది. సంఘంలో చేరితే ఏమవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇంకా డ్రాఫ్ట్ కాని కుర్రాడు ఏ సంఘంలోనూ సభ్యుడు కాడు. అతని బోనస్‌కు పరిమితి పెట్టే ఒప్పందంపై సంతకం చేసేది అతను ఓటు వేయని సంఘం. సహజంగానే, ఏదో ఒకటి వదులుకోవలసి వచ్చినప్పుడు గదిలో లేనివాడిదే వదులుకుంటారు. 2011లో జరిగింది అదే. ప్రస్తుత ఒప్పందం 2026 డిసెంబరు 1న ముగుస్తుంది. జీతాల మీద గరిష్ఠ పరిమితి గురించి యజమానులు ఇప్పటికే రాగాలు తీస్తున్నారు. కొత్త ఒప్పందం కుదరక మైదానాలకు తాళాలు పడతాయా లేదా అన్న చర్చలో డ్రాఫ్ట్ ఏ మూలన ఉంటుందో ఊహించవచ్చు.

డ్రాఫ్ట్‌నే రద్దు చేయమని నేను అనను. జరగని పని. ఒక్క చిన్న సవరణ చాలు. 2022 ఒప్పందంలో కొంత మెరుగుపరిచారు: ప్రతిభలో మొదటి 300 మందిగా లెక్కించిన కుర్రాళ్ళలో ముందుగా వైద్య పరీక్షకు ఒప్పుకున్నవారికి, ఎంపిక చేసిన జట్టు నిర్ణీత ధరలో కనీసం 75 శాతం ఇవ్వజూపాలి. మంచిదే. కానీ తన శరీరపు రహస్యాలన్నీ ముందే 30 జట్ల ముందు పరిచినవారికే ఆ రక్షణ. పరచనివాడు నేటికీ 2021 నాటి రాకరే. 2018లో అట్లాంటా బ్రేవ్స్ 8వ ఎంపికగా తీసుకున్న కార్టర్ స్టీవర్ట్‌కు మణికట్టు సమస్య చెప్పి ధర బాగా తగ్గించారు. అతను ఫిర్యాదు చేసి ఓడిపోయాడు. కానీ అతను రాకర్‌లా ట్రాయ్ వెళ్ళలేదు, జపాన్ వెళ్ళాడు. 2019లో ఫుకుఓకా సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్ అతనికి ఆరేళ్ళకు 70 లక్షలు ఇచ్చింది. ధర అడిగే హక్కు కోసం పందొమ్మిదేళ్ళ అమెరికన్ కుర్రాడు మహాసముద్రం దాటాల్సి వచ్చింది.

నేను అడిగే సవరణ ఇది. ఎంపిక చేసిన జట్టు ఏ కారణంతోనైనా సరే బేరం వదులుకుంటే, ఆ మరునాడు కుర్రాడు ఫ్రీ ఏజెంట్ కావాలి. వదులుకున్న జట్టుకు పరిహార ఎంపిక ఉండకూడదు. అనుమానం వస్తే వెనక్కి తగ్గే హక్కు జట్టుకు ఉంటుంది, దాని ఖరీదు కూడా జట్టే కడుతుంది. 2021 ఆగస్టు 2న మిగిలిన 29 జట్లు రాకర్ ఎమ్మారై తామే చూసుకుని, ఎవరికి తోచిన అంకె వారు చెప్పి ఉండేవారు. అది 60 లక్షలు కాకపోవచ్చు. 20 లక్షలే కావచ్చు. ఎవరూ పిలవకపోయి కూడా ఉండవచ్చు. ఏదైనా, అది 29 మంది చెప్పిన మాట అయ్యేది. మెట్స్ కూడా, 11వ ఎంపిక ఒళ్ళో పడదని తెలిస్తే, ఆ ఆదివారం బొరాస్‌కు కనీసం ఒక తక్కువ అంకె అయినా చెప్పి ఉండేదని నా నమ్మకం.